కాలేజీలో నీతి మీద సభలు పెట్టాలి, ఈసారైనా పిల్లలు మాట్లాడేలా ఎలా చేయాలి?

చంద్రగిరి లెక్చరర్:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను. ఈ ఏడాది నెలకొకసారి నీతి, విలువల మీద సభ పెట్టే పని నాకు అప్పజెప్పారు. మా పిల్లలకే కాకుండా ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి వినేలా, మాట్లాడేలా ఉండాలన్నారు. ఇష్టంగానే ఒప్పుకున్నాను కానీ పోయినేడు జరిగిన సభ ఇంకా మనసులోంచి పోలేదు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నా.

ఆ రోజు పదింటికి అన్న సభ పదకొండున్నరకి మొదలైంది. దీపం, శాలువాలు, పరిచయాలు అయ్యేసరికి పన్నెండు దాటింది. వచ్చిన పెద్దాయన మంచివారు, బాగా చదువుకున్నవారు, గంటా పది నిమిషాలు మాట్లాడారు. నిజం చెప్పాలి, తల్లిదండ్రుల్ని గౌరవించాలి, ఫోన్ తగ్గించాలి. ఒక్కటీ కాదనలేం. కానీ అటెండెన్స్ వేస్తామంటే వచ్చిన పిల్లలు వెనక వరుసల్లో రికార్డులు రాసుకుంటున్నారు. చివర్లో ప్రశ్నలకి ఐదు నిమిషాలు మిగిలాయి. సెకండియర్ అమ్మాయి ఒకతి లేచి మైకు తీసుకుంది.

"సార్, ఒకాయన ఉన్నాడనుకోండి. టెంపో నడుపుతాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయం 2.5 లక్షలు దాటకూడదు అంటే ఆయనకి 2.7 వస్తుంది. ఇరవై వేలు ఎక్కువైనందుకు కూతురి చదువు ఆగిపోతుంది. ఆయన తగ్గించి రాయించుకున్నాడు. ఆయన తప్పు చేసినట్టా సార్?"

హాలంతా ఒక్కసారి నిశ్శబ్దం. రికార్డులు రాసేవాళ్ళు కూడా తలెత్తారు. పెద్దాయన "తప్పు ఎవరు చేసినా తప్పేనమ్మా, కూర్చో" అన్నారు. చప్పట్లు కొట్టారు. మైకు ఆ పిల్ల చేతిలోంచి తీసుకున్నది నేనే. చెమటతో తడిసిపోయి ఉంది ఆ మైకు. తర్వాత నాలుగు రోజులు ఆ అమ్మాయి క్లాసుకి రాలేదు.

నా దృష్టిలో ఆ రెండు గంటల్లో నీతి గురించి జరిగింది ఏదైనా ఉందంటే ఆ ప్రశ్న ఒక్కటే. అలాంటివి ఇంకా రావాలంటే సభ ఎలా నడపాలి? అలా అడిగిన పిల్లకి ఇబ్బంది రాకుండా ఎలా చూసుకోవాలి? మా పిల్లల్లో సగంమంది శ్రీకాళహస్తి, పుత్తూరు, పాకాల వైపు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళే, నాలుగున్నర దాటితే ఒక్కరూ నిలవరు, అది కూడా చూసుకోవాలి. ఎవరైనా ఇలాంటివి నడిపి ఉంటే చెప్పండి.

పాకాల తెలుగు పండితుడు:

అమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఊరికే కూర్చున్నాను. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. జూద సభ ఘట్టం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ద్రౌపది అక్కడ ఏడవడానికి ముందు ఒక ప్రశ్న వేసింది కదా, ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, ముందు నన్ను ఓడాడా, తనను ఓడినవాడికి నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిది అని. అంత పెద్ద సభలో భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మం, తేల్చలేను అన్నాడు. కౌరవుల్లో వికర్ణుడొక్కడే లేచి ఆమె అడిగింది న్యాయమే, జవాబు చెప్పండి అన్నాడు. మీ సభలో ఆ అమ్మాయి అడిగినప్పుడు ఒక్క వికర్ణుడు కూడా లేకపోయాడు, అంతే. ఈసారి మీరు ఆ పని చేయండి. ప్రశ్న వచ్చినప్పుడు జవాబు మీకు తెలియనక్కర్లేదు, "ఇది అడగదగ్గ ప్రశ్నే, అందరం ఆలోచిద్దాం" అని వేదిక మీంచి ఒకరు అంటే చాలు, పిల్లకి ధైర్యం వస్తుంది.

ఇంకోటి. నీతి అనగానే ఎక్కడినుంచో వక్తల్ని తెప్పించక్కర్లేదు, మన జిల్లాలోనే బోలెడంత ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలోదే. ఆయన చిన్నప్పుడు చదివింది తిరుపతిలో లూథరన్ మిషన్ బడి. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ.కి రాసిన వ్యాసం దేనిమీదనుకున్నారు? వేదాంతంలో నీతి మీద. వేదాంతంలో నీతికి చోటే లేదని తన చుట్టూ వింటున్న విమర్శకి ఇరవై ఏళ్ళ కుర్రవాడు రాసిన జవాబు అది, 1908లో అచ్చయింది. మీ పిల్లల వయసే. తన మనసుకి తగిలిన మాట మీద కూర్చుని రాశాడు, చదివిన కాలేజీలోనే, ఆ గురువుల ముందే. ఈ సంగతి పిల్లలకి చెప్పండి, ఐదో తేదీ సెప్టెంబరున పూలదండ వేయడం కంటే ఇది వాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది.

కట్టమంచి రామలింగారెడ్డి గారి సంగతి కూడా చర్చకి బాగుంటుంది. చిత్తూరు పక్క కట్టమంచి ఆయన ఊరు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్. 1930లో ఉప్పు సత్యాగ్రహం వాళ్ళని ప్రభుత్వం అణచివేస్తున్నదని నిరసనగా పదవి వదిలేశారు. మళ్ళీ 1936లో అదే పదవికి వచ్చి 1949 దాకా ఉన్నారు. పసిబిడ్డలాంటి యూనివర్సిటీని వదిలి రావడం ఒప్పా, లోపలే ఉండి దాన్ని కాపాడుకోవడం ఒప్పా? నాకు ఇప్పటికీ తేలలేదు. వదిలింది గొప్పే అనిపిస్తుంది, వదిలాక పిల్లల గతేమిటనీ అనిపిస్తుంది.

వార్డు డ్యూటీ:

మేడమ్, నేను తిరుపతిలోనే ఒక ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సుని. నాకు ఉపన్యాసాలు రావు, నాకు తెలిసింది చెప్తాను.

మాకు కడప, అనంతపురం, నెల్లూరు అన్ని వైపుల నుంచీ పేషెంట్లు వస్తారు. ఒకసారి రాయచోటి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, క్యాన్సర్, ముదిరిపోయింది. కొడుకులు డాక్టర్ గారి గదిలో చేతులు పట్టుకున్నంత పని చేశారు, మా నాయనకి చెప్పొద్దు, తట్టుకోలేడు అని. సరే అన్నారు. రాత్రి రెండింటికి నేను డ్రిప్ మారుస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని "ఏమ్మా, నా బిడ్డలు నా మొహం చూసి మాట్లాడ్డంల్యా. నాకేమొచ్చింది? నాకొక ఎకరా ఉంది, దాని సంగతి తేల్చాల నేను" అన్నాడు. నేను "పొద్దున డాక్టర్ గారిని అడుగు నాయనా" అని బయటికొచ్చేశాను. డ్యూటీ రూంలో కూర్చుంటే చేతులు వణికాయి. ఆయన అడిగింది జబ్బు గురించి కాదు, తన ఎకరా గురించి, తనకి మిగిలిన రోజుల గురించి. అది తెలుసుకునే హక్కు ఆయనది కాకపోతే ఇంకెవరిది? కానీ కొడుకుల కన్నీళ్ళు కూడా నిజమే కదా. ఇప్పటికీ నాకు సమాధానం లేదు.

నేను చెప్పొచ్చేదేమంటే సభకి పిలిచేటప్పుడు బాగా మాట్లాడేవాళ్ళని కాదు, తెల్లారేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చినవాళ్ళని పిలవండి. నర్సు, కండక్టర్, పోస్ట్‌మాస్టర్, అప్పు వసూలు చేసే ఏజెంటు, ఎవరైనా సరే. పదిహేను నిమిషాలు తమకి జరిగింది చెప్పమనండి, నీతి చెప్పొద్దనండి. మిగతా గంట పిల్లలది.

అవయవదానం మీద కూడా ఒక నెల పెట్టండి. 1994 చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్ అని ఒక డాక్టర్ చెబితే సరిపోదు, నలుగురు డాక్టర్ల బోర్డు చూడాలి, పరీక్షలు ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. ఇది తెలియక బయట ఎన్నో పుకార్లు నడుస్తాయి. మనిషి బతికుండగా కార్డు రాసిచ్చి ఉన్నా ఆచరణలో ఇంట్లోవాళ్ళు వద్దంటే తీసుకోరు. పోయినాయన మాట గొప్పదా, అక్కడ ఏడుస్తున్న తల్లి మాట గొప్పదా అని పిల్లల్ని అడిగి చూడండి, ఎవరూ రికార్డులు రాసుకోరు. వెంటిలేటర్ మీద పెట్టొద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, ఆ పద్ధతిని 2023లో కొంచెం సులువు చేసింది. మా వార్డుకి వచ్చేవాళ్ళలో అది తెలిసినవాళ్ళు నాకు ఇంతవరకు ఒక్కరూ తగల్లేదు.

రేణిగుంట కుర్రోడు:

నాకు ఇంటర్ ఫస్టియర్‌లో ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్ అని ఒక పరీక్ష ఉండేది, మార్కులు టోటల్‌లో కలవవు, పాసైతే చాలు. మా హాల్లో పుస్తకం తెరిచి పెట్టుకుని రాయమన్నారు. పక్కవాడు చూపిస్తుంటే నేను కూడా రాశాను. ఆ పేపర్లో నిజాయితీ మీద ఒక ప్రశ్న ఉన్నట్టు గుర్తు. పదహారేళ్ళప్పుడు దాని గురించి నాకేమీ అనిపించలేదు, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే మాకు ఆ రోజు నిజంగా నేర్పింది ఆ పుస్తకంలోది కాదు. కాబట్టి మేడమ్, మొదటి మాట, దయచేసి అటెండెన్స్ పెట్టకండి. ముప్పై మంది వచ్చినా ఫర్వాలేదు.

రెండోది, డిబేట్‌లా పెట్టకండి. డిబేట్‌లో సగంమందికి అటు, సగంమందికి ఇటు అని పంచుతాం, తమకి నమ్మకం లేనిది కూడా అరిచి చెప్పాలి. నేను బెంగళూరులో చదివేటప్పుడు మా సార్ ఒకాయన ఎథిక్స్ బౌల్ పద్ధతిలో మాతో చేయించేవారు. చికాగోలో ఇల్లినాయిస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రాబర్ట్ లేడెన్‌సన్ అనే ఫిలాసఫీ ప్రొఫెసర్ 1993లో మొదలుపెట్టిందట. కేసులు ముందే ఇచ్చేస్తారు. ఏ పక్షం తీసుకోవాలో జట్టే నిర్ణయించుకుంటుంది, రెండు జట్లూ ఒకే మాట అన్నా తప్పులేదు. ఎదుటి జట్టు పని ఓడించడం కాదు, "ఈ సంగతి ఆలోచించారా" అని అడగడం. అవతలివాళ్ళ మాటలో బలం ఉంటే ఒప్పుకున్నందుకు కూడా మార్కులుంటాయి. మొదటిసారి నేను "అవును, అది నేను ఆలోచించలేదు" అని నలుగురిలో అన్నప్పుడు చెవులు వేడెక్కాయి, కానీ ఆకాశం విరిగి మీద పడలేదు.

కేసు ఒక్క పేజీ దాటకూడదు. మూడు రోజుల ముందు వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి, తెలుగులోనే రాయండి. తిరుపతిలో గ్రూప్స్, సివిల్స్‌కి చదివే పిల్లలు వందల్లో ఉన్నారు, వాళ్ళకి కూడా చెప్పండి, పరిగెత్తుకొస్తారు, ఎందుకంటే 2013 నుంచి సివిల్స్ మెయిన్స్‌లో నీతి మీద 250 మార్కుల పేపరుంది, అందులో సగానికి దగ్గరగా ఇలాంటి కేసులే. కాకపోతే ఒక జాగ్రత్త, వాళ్ళు "సమగ్రత, పారదర్శకత, జవాబుదారీతనం" అని నోట్స్‌లోని మాటలు వల్లిస్తారు. అప్పుడు ఆపి, "ఆ టెంపో ఆయన ఎదురుగా కూర్చుంటే ఏం చెప్తావు, ఆ మాట చెప్పు" అనాలి.

హాల్లో అందర్నీ ఒకేసారి మాట్లాడమంటే ఆ ఐదుగురే మాట్లాడతారు. ఆరుగురేసి గుంపులుగా కూర్చోబెట్టండి. మాటలు మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు ఎవరికి వాళ్ళు చీటీ మీద రాసుకోవాలి, పేరు రాయక్కర్లేదు. ఆఖర్లో ఇంకో చీటీ. అభిప్రాయం మారిందా, మారితే ఎవరి మాటకి మారింది. మా సార్ ఆ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చదివేవారు. అదే అన్నిటికంటే బాగుండేది.

తోతాపురి మండీ:

చిత్తూరులో మామిడికాయల మండీ మాది. అందరూ బాగా రాశారు కానీ నాకొక అనుమానం, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఇలా ప్రతిదానికీ అటు ఆలోచించు ఇటు ఆలోచించు అంటే పిల్లలకి ప్రతి తప్పుకీ ఒక సాకు దొరుకుతుంది. ఎవరి వైపు నుంచి చూస్తే వాళ్ళు కరెక్టే అని ఇంటికి పోతారు. నా కూతురు కాలేజీలో నేర్చుకోవాల్సింది అదా?

మా నాయన పెద్దగా చదువుకోలేదు. రైతు కాయ తెస్తే తూకంలో తరుగు తీయడం అనేది ఉంటుంది, మెత్తబడింది, మట్టి అంటింది అని. మా నాయన కుళ్ళిన కాయ రైతు ముందరే పక్కనపెట్టి దాన్ని మాత్రమే తూచి తీసేసేవాడు, అంతకు మించి ఒక్క కేజీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను మండీలోకొచ్చిన కొత్తలో అన్నాను, అందరూ తీసేదే కదా నాయనా అని. ఆయన ఏమీ వాదించలేదు, "ఆ రైతుకి చెప్పి తియ్యి" అన్నాడు. చెప్పి తీయగలనా? నోరు పెగల్లేదు. అంతే, ఆ రోజుతో అయిపోయింది. దీనికి చర్చ ఎందుకు? తప్పంటే తప్పే అన్న ఆ పెద్దాయన మాట నాకు అంత తప్పనిపించలేదు.

చంద్రగిరి లెక్చరర్:

అన్నా, మీ మాట నేను తోసెయ్యను. మీ భయం నాక్కూడా ఉంది. "ఎవరి కోణంలో వాళ్ళు రైటే" అని పిల్లలు లేచిపోతే ఆ రోజు మేం ఏమీ చేయనట్టే. కానీ మీ నాన్నగారు చేసింది ఒక్కసారి చూడండి. తప్పు అని చెప్పి కూర్చోమనలేదు కదా. మీకొక ప్రశ్న ఇచ్చి వదిలేశారు, జవాబు మీరే మీ గొంతులో వెతుక్కున్నారు. ఎదుటివాడికి చెప్పి చేయగలనా అన్నది ఏ సభలోనైనా పెట్టదగ్గ పరీక్ష. ఆ టెంపో ఆయన కేసుకి కూడా అదే పెడితే ఏమవుతుందో ఆలోచిస్తున్నా. ఆయనలాగే పరిమితి కొంచెం దాటి, నిజమే రాయించుకుని, రీయింబర్స్‌మెంట్ పోగొట్టుకున్న ఇంకో పిల్ల తండ్రికి ఆయన చెప్పగలడా? ఇరవై వేల తేడాకి మొత్తం ఫీజు కట్టమనే నిబంధన పెట్టినవాళ్ళు ఆ తండ్రి మొహం చూసి చెప్పగలరా? రెండూ అడగాలి. పోయినేడు మేం ఒక్కదానికే జవాబు చెప్పి, రెండోదాన్ని అసలు అడగనివ్వలేదు.

మీరు ఒక నెల వచ్చి ఆ తరుగు సంగతి చెప్తారా? మీరు ఇక్కడ రాసినట్టే చెప్తే చాలు.

వార్డు డ్యూటీ:

ఒక్కటి మర్చిపోయా మేడమ్. ఎవరూ ఫోన్లో రికార్డు చేయకుండా చూడండి. ఎవరో ఒక ముక్క కత్తిరించి స్టేటస్ పెడితే ఆ పిల్ల ఊళ్ళో తలెత్తుకోలేదు. "నేను", "మా ఇంట్లో" అని మొదలుపెట్టిన పిల్లల్ని నెమ్మదిగా ఆపి "ఒకరున్నారు అనుకుందాం" అని చెప్పించండి. మీ అమ్మాయికి అది ముందే తెలుసు చూడండి, ఎంత జాగ్రత్తగా అడిగింది. కులం పేరు, ఊరి పేరు కూడా వద్దని ముందే చెప్పండి. ఏడిస్తే బయటికి తీసుకెళ్ళడానికి ఒక మేడమ్ తలుపు దగ్గర ఉండాలి, నీళ్ళ బాటిల్‌తో.

తోతాపురి మండీ:

మేడమ్, స్టేజీ ఎక్కి మాట్లాడటం నాకు అలవాటు లేదు. గుంపుల్లో ఒకడిగా కూర్చోమంటే వస్తా. జూన్, జులై మాత్రం అడగొద్దు, సీజన్, మండీ వదిలి గంట కూడా రాలేను. చిత్తూరు నుంచి పొద్దున బస్సెక్కితే పదింటికల్లా ఉంటా. మీరు ఆ రెండు ప్రశ్నలూ అడగాలి అన్నారు కదా, రెండోది నాకు తట్టలేదు. నిబంధన పెట్టినవాడిని కూడా అడగాలని.

మా అమ్మాయిని తీసుకురావచ్చా?

పాకాల తెలుగు పండితుడు:

తీసుకురండి నాయనా, నేను పాకాలలో అదే బస్సు కోసం చూస్తుంటాను. అమ్మా, ఒక చిన్న మాట, శాలువాల డబ్బు మిగిలితే పిల్లలకి మజ్జిగ పోయించండి.

చంద్రగిరి లెక్చరర్:

అందరికీ చాలా చాలా థాంక్స్. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. అటెండెన్స్ లేదు, దీపం ఒక్కటే, శాలువాలు లేవు. వచ్చే నెల రెండో శనివారం, పదిన్నరకి మొదలుపెట్టి ఒంటిగంటకి ముగిస్తాం, ఊరి బస్సులు అందరికీ దొరుకుతాయి. సెమినార్ హాల్లో కుర్చీలు బోల్ట్ చేసి ఉన్నాయి, గుంపులుగా తిప్పడం కుదరదు, అందుకని లైబ్రరీ పక్క వరండాలో చాపలు వేస్తున్నాం. మొదటి కేసు అవయవదానం అనుకున్నాను. వార్డు డ్యూటీ గారూ, మీకు ఆ రోజు నైట్ డ్యూటీ లేకపోతే రండి, మీ పేరు, ఆసుపత్రి పేరు ఎక్కడా వేయం.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయిని స్టాఫ్ రూంకి పిలిచాను. ముందు క్షమించమన్నాను, ఆ రోజు మైకు లాక్కున్నందుకు. ఏమీ అనలేదు, కిందికి చూస్తూ నిలబడింది. రెండో నెలకి నీ ప్రశ్నే కేసుగా పెడదామా, నేను రాస్తాను, నీ ప్రమేయం ఉన్నట్టు ఎవరికీ తెలియదు అన్నాను. వద్దంటుందనుకున్నా. కాసేపాగి, "నేనే రాస్తాను మేడమ్, మీరు రాస్తే ఆయన్ని మరీ మంచోడిగా రాసేస్తారు" అంది.

ఇవాళ పొద్దున తెచ్చిచ్చింది. పేజీకి ఇంకో నాలుగు లైన్లు ఎక్కువే ఉంది. ఎక్కడ తగ్గించాలో తెలియక అలాగే ఉంచేశాను.